కల్లం మీద ఆకాశం ఎందుకు ఎర్రబడదు

మిరపకాయ ఘాటు ముక్కు కంటే ముందు గొంతుకి తెలుస్తుంది. ఈ మార్చి నెలలో ఒక మధ్యాహ్నం మా పెదనాన్న కల్లం దగ్గర స్కూటీ ఆపీ ఆపకముందే నాకు దగ్గు మొదలైంది. దాని వెనకే తుమ్ములు, కళ్ళ నిండా నీళ్ళు. వ్యవసాయ శాఖలో ఉద్యోగం నాది. పంట చేతికొచ్చే రోజుల్లో ఇలాంటి కల్లాల్లోనే తిరుగుతుంటాను. అయినా ఈ ఘాటు నన్ను ప్రతిసారీ కొత్త మనిషిలాగే పలకరిస్తుంది. కల్లమంతా ఎర్రగా ఆరబోసిన కాయ. ఒక మూల ముఖాలకి తువ్వాళ్ళు చుట్టుకున్న ఆడవాళ్ళు కూర్చుని, రంగు పోయి తెల్లబడిన తాలు కాయల్ని ఏరుతున్నారు. కళ్ళు మండినప్పుడు నేను చేసే పని ఒకటే. చేతులు కిందికి దించుకుని, తలెత్తి ఆకాశం కేసి చూస్తాను. మంట తగ్గేదాకా నీళ్ళు వాటంతటవే కారిపోతాయి. "ఆ చేతులతో కళ్ళు నలుపుకోకు, పైకి చూడు" అని చిన్నప్పుడు మా ఎస్తేరు టీచరు నేర్పిన పద్ధతి అది. మిరప చేలల్లో పెరిగే పిల్లలకి అక్షరాల కంటే ముందు నేర్పాల్సింది అదేనని ఆవిడ అనేవారు.

పైన ఎక్కడా మరక లేని నీలం. ఆ నీలం సంగతి పెదనాన్నతో మాట్లాడాలనే ఆ రోజు పనిగట్టుకుని వెళ్ళాను. ఎస్తేరు టీచరు పోయి నాలుగు నెలలన్నా కాలేదు. పోయే ముందు నాకొక పని అప్పజెప్పారు. ఆ పనేమిటో చెప్పాలంటే ముందు ఆవిడెవరో చెప్పాలి.

ఎస్తేరు టీచరుది వేటపాలెం. మాది సముద్రానికి దూరంగా, పత్తీ మిరపా తప్ప మరో ధ్యాస లేని మెట్ట ఊరు. ఇక్కడి బళ్ళో ఉద్యోగం వచ్చాక ఆవిడ చర్చి పక్కన చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని ఉండిపోయారు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ తెల్ల చుక్కల నేత చీరలో ఉండేవారు. నడక చూస్తే ఎక్కడో బస్సు అందుకోవాలేమో అన్నట్టు ఉండేది. మాకు సైన్సు చెప్పేవారు. వాళ్ళమ్మ వేటపాలెంలో జీడిగింజలు కొట్టే షెడ్డులో కూలికి వెళ్ళేదట. జీడి తగిలి వేళ్ళు నల్లగా కాలిపోయి ఉండేవట. ఒక రోజు మధ్యాహ్నం షెడ్డు వెనక కూర్చుని అన్నం తింటుంటే ఈవిడ అడిగారట, ఆకాశం నీలంగా ఎందుకుందమ్మా అని. వాళ్ళమ్మ ఆ నల్లటి వేలితో సముద్రం వైపు చూపించి, "కింద ఉన్నదే పైన కనపడుద్ది" అందట. ఏటేటా ఈ కథ చెప్పి, ఆకాశం నీలం సముద్రానిదేనని పాఠం ముగించేవారు టీచరు. మాలో ఎవరూ సముద్రాన్ని చూసినవాళ్ళం కాదు. అందుకని తలెత్తినప్పుడల్లా సముద్రాన్ని చూస్తున్నామని మురిసిపోయేవాళ్ళం.

పాఠాలు చెప్పడం ఒక ఎత్తు అయితే, ఆవిడ నెత్తికెత్తుకున్న మరో పని ఇంకో ఎత్తు. మా ఊరి బడి ఏడో తరగతితో సరి. ఆ పైన చదవాలంటే డొంకదారిన పక్క ఊరి హైస్కూలుకి నడిచి వెళ్ళాలి. మగపిల్లలు కొందరు వెళ్ళేవారు. ఆడపిల్లల చదువు ఏడో తరగతి పరీక్షతో అయిపోయేది. వర్షాలు పడగానే పత్తిలో కలుపుకి, చలికాలం వస్తే మిరప కోతలకి పోయేవాళ్ళు. ఎస్తేరు టీచరు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి, మీ అమ్మాయిని హైస్కూలుకి పంపండి అని అడిగేవారు. మా ఇంటికీ వచ్చారు. "చూద్దాం టీచరమ్మా" అన్నాడు నాన్న. మా వైపు చూద్దాం అంటే సగం కాదన్నట్టే. మిగిలిన సగం మా పెదనాన్న చేతిలో ఉండేది. నాన్న అన్నగారి మాటకి ఎదురు చెప్పి ఎరగడు, పెదనాన్న తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. ఆడపిల్లకి సంతకం చేయడం వస్తే చాలన్నది ఆయన మాట. నేను అప్పుడు ఏడో తరగతిలో ఉన్నాను. ఆవిడ మాట మా ఇంట్లో ఎంత చెల్లుతుందో నా చదువు అంత సాగుతుంది. చిన్నదాన్నే అయినా ఈ సంగతి నాకు బాగా తెలుసు.

కాయ కల్లాలకి చేరే రోజుల్లో ఒకనాడు టీచరు మాకు మళ్ళీ ఆకాశం పాఠం చెబుతున్నారు. మా తరగతి కిటికీలోంచి చూస్తే వరసగా కల్లాలే. కనుచూపు మేరా ఎరుపే. వాళ్ళమ్మ వేలు సముద్రం వైపు చూపించే చోటికి కథ రాగానే నేను లేచి నిలబడ్డాను.

"టీచర్, మరి కల్లాల నిండా ఇంత ఎర్రగా కాయ పోశారు గదా. పైన ఆకాశం ఎర్రబడలేదేం?"

క్లాసంతా నవ్వింది. నేను వెటకారానికి అడగలేదు. ఆవిడ చెప్పింది నమ్మి, నాలుగు రోజులుగా ఆకాశంలో ఎరుపు కోసం నిజంగానే వెతుకుతున్నాను. టీచరు నవ్వలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి కల్లాల కేసి చూశారు, ఆ పైన ఆకాశం కేసి చూశారు. వెనక్కి తిరిగి, "నాకు తెలియదు పార్వతీ. కనుక్కుని చెప్తాను" అన్నారు. నాకు తెలియదు అనే మాట ఒక టీచరు నోట వినడం మాకు అదే మొదలు. ఇంటికెళ్ళి చెబితే నాయనమ్మ కూడా నమ్మలేదు.

శనివారం బడి వదలగానే ఆవిడ గుంటూరు బస్సెక్కారు. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన చర్చి ద్వారా తెలుసట. సోమవారం తరగతిలోకి వచ్చి, సుద్దముక్క పట్టుకోకుండా, కుర్చీలో కూర్చోకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఆకాశం నీలం సముద్రం వల్ల కాదు. నేను మీకు తప్పు చెప్పాను. మీ అన్నయ్యలకీ అక్కలకీ కూడా తప్పే చెప్పాను" అన్నారు. "మా అమ్మ అబద్ధమాడలేదు. తనకి తెలిసింది చెప్పింది. చదువుకున్నదాన్ని, నేను వెతకాల్సింది" అన్నారు. వాళ్ళమ్మ అప్పటికే పోయింది. ఆ వయసులో అర్థం కాలేదు గాని, ఇప్పుడు తలుచుకుంటే నాకు ఏడుపొస్తుంది. తల్లి ఇచ్చినవాటిలో ఆవిడ దగ్గర మిగిలినది ఆ ఒక్క మాటే, దాన్ని మా ముందు తీసి పక్కన పెట్టారు.

అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. తన దగ్గర చదివి వెళ్ళినవాళ్ళందరికీ వెళ్ళి చెప్పాలని నిశ్చయించుకున్నారు. హెడ్మాస్టరుగారి గదికీ మా తరగతికీ మధ్య ఒక చెక్క తడికే ఉండేది. అవతలి మాటలు మాకు పాఠం కంటే బాగా వినపడేవి.

"అడుసు తొక్కారు, కాలు కడుక్కున్నారు. ఆ నీళ్ళు ఊరంతా చల్లడం ఎందుకమ్మా" అన్నారు హెడ్మాస్టరుగారు. "పత్తి చేలో ఉన్నవాడికి ఆకాశం ఎందుకు నీలమో తెలిస్తే ఎంత, తెలియకపోతే ఎంత. రేపు మీరు ఆడపిల్లల చదువు సంగతి ఎత్తితే, పంతులమ్మకే సరిగ్గా తెలియదు పోవమ్మా అంటారు. ఆలోచించుకోండి."

"ఆ భయం నాకూ ఉంది సార్. కానీ వాళ్ళ బుర్రల్లో పెట్టింది నేను. తీయాల్సింది కూడా నేనే కదండీ."

ఇవతల నేను వింటూనే ఉన్నాను. ఆయన అన్న ఆడపిల్లల్లో మొదటిదాన్ని నేనే.

ఇక ప్రతి సాయంత్రం ఆవిడ సంచిలో ఒక గాజు గ్లాసు, ఒక టార్చిలైటు పెట్టుకుని బయల్దేరేవారు. ఏ ఇంటికి వెళ్ళినా గ్లాసులో నీళ్ళు పోసి, నాలుగు చుక్కలు పాలు ఇవ్వండమ్మా అని అడిగేవారు. కొన్నాళ్ళకే పాలచుక్కల టీచరు అని పేరు పడింది. ఆవిడ పాత విద్యార్థి ఒకడు ట్రాక్టరు తోలుతూ ఎదురైతే, ఇంజను ఆపించి మరీ చెప్పారు. పాపం వాడికి అలాంటి పాఠం ఒకటి చదివినట్టే గుర్తు లేదు. అయినా ఆఖరిదాకా విని, థాంక్సండి టీచర్ అని చెప్పి వెళ్ళాడు. వెనకాల నవ్వుకున్నవాళ్ళకీ తక్కువేం లేదు.

టీచరు మా కల్లానికి ఒక సాయంత్రం వచ్చారు, పొద్దు గుంకే వేళ. నాన్న కాళ్ళతో కాయని తిరగేస్తున్నాడు. పెదనాన్న మంచం మీద కూర్చుని చుట్ట వెలిగించాడు. నాయనమ్మా నేనూ కూలివాళ్ళతో పాటు పాక కింద తాలు ఏరుతున్నాం. నాకంటే పెద్దవాడు మా అన్నయ్య కూడా ఆవిడ దగ్గరే చదివాడు, వాడు ఆ పూట ఊళ్ళో లేడు. "వాడు వచ్చాక మీరే చెప్పండి సాంబయ్యగారూ" అని నాన్నతో అని, టీచరు సంచిలోంచి గ్లాసు తీశారు. పాలు అడిగారు. కల్లం దగ్గరే కట్టేసిన గేదెని నాయనమ్మ అప్పుడే పిండింది. టీచరుది పల్లె కులమని, అంటు తగులుతుందని నాయనమ్మ చెంబుని బాగా పైకెత్తి, గ్లాసుకి తగలకుండా చుక్కలు వదిలింది. ఇంటికి వచ్చినప్పుడు మంచినీళ్ళు కూడా అలాగే పోసేది. అది చూస్తే నాకు ముఖం చెల్లేది కాదు. టీచరు ఏమీ పట్టించుకోనట్టు గ్లాసు ఇంకొంచెం కిందికి పెట్టి పట్టుకున్నారు.

పాక కింద మసక చీకటిలో గ్లాసుకి ఒక పక్క నుంచి టార్చి వేశారు. ఇటు నుంచి చూస్తే ఆ నీళ్ళు లేత నీలంగా ఉన్నాయి. టార్చికి ఎదురుగా వెళ్ళి చూస్తే, అదే వెలుగు పండిన నారింజ రంగులో ఉంది.

"తూర్పారబట్టేటప్పుడు పొట్టు గాలికి పక్కలకి పోతుంది, గింజ తిన్నగా కింద పడుతుంది కదండీ" అన్నారు టీచరు. "ఎండలో అన్ని రంగులూ కలిసే ఉంటాయి. గాలిలో కంటికి కనపడని రేణువులు ఉంటాయి, ఈ పాలచుక్కల్లాగా. వాటికి తగిలి నీలం పక్కలకి చెదిరిపోతుంది. ఎరుపు తిన్నగా వెళ్ళిపోతుంది. ఆ చెదిరిన నీలమే ఆకాశమంతా పరుచుకుని మన కంట పడుతుంది. పొద్దు గుంకేటప్పుడు వెలుగు చాలా గాలి దాటి రావాలి. దారిలోనే నీలమంతా చెదిరిపోయి, మన దాకా వచ్చేసరికి ఎరుపు మిగులుతుంది. అంతేగాని సముద్రానికీ దీనికీ ఏమీ లేదు. అప్పట్లో నేను తప్పు చెప్పాను."

పడమర చూశాం. సూర్యుడు సరిగ్గా గ్లాసులో చూసిన రంగులోనే దిగిపోతున్నాడు. నాయనమ్మ లేచి వచ్చి, ఏదీ అంటూ టీచరు చేతిలోంచి గ్లాసు తీసుకుని కంటికి ఆనించుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. తాను ముట్టుకున్నది ఎవరి గ్లాసో ఆమెకి తట్టనే లేదో, తట్టినా ఇక కింద పెట్టబుద్ధి కాలేదో తెలియదు. "ఓసినీ, రెండు రంగులూ దీంట్లోనే ఉండాయిరా" అంది నాన్నతో. టీచరు నవ్వారు. అప్పుడు ఆవిడ ముఖంలో కనిపించిన సంతోషం నేను మర్చిపోలేదు.

"అయితే అంతేనా టీచరమ్మా" అన్నాడు నాన్న.

"అంతే కాదండీ, ఒకటి మిగిలింది. ఈ లెక్కన ఊదా రంగు నీలం కంటే ఇంకా ఎక్కువ చెదరాలి. మరి ఆకాశం ఊదాగా ఎందుకు లేదో నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. తెలిసిననాడు వచ్చి చెప్తాను."

పెదనాన్న చుట్ట పొగ వదిలి నవ్వాడు. "అయితే మళ్ళా వస్తారన్నమాట. ఆడపిల్లల్ని హైస్కూలుకి పంపమని చెప్పింది కూడా తమరేగా. అదీ తప్పేనని రేపొచ్చి చెప్తారేమో. ఎందుకైనా మంచిది, అందాకా ఆగుదాంలేరా సాంబయ్యా."

ఏరుతున్నవాళ్ళంతా నవ్వారు. నాన్న నవ్వలేదు, మళ్ళీ కాయ తిరగేయడం మొదలుపెట్టాడు. టీచరు గ్లాసు కడుక్కుని, సంచిలో పెట్టుకుని, "అది తప్పయితే, అది చెప్పడానికి కూడా వస్తానండి" అని వెళ్ళిపోయారు. నేను బుట్టలోకి చూస్తూ కూర్చున్నాను. హెడ్మాస్టరుగారు చెప్పినట్టే అయింది. ఆవిడ మీద కోపం వచ్చింది, ఎవరడిగారని వచ్చి చెప్పాలి అని. అంతకంటే ఎక్కువగా నా నోటి మీద నాకే కోపం వచ్చింది. ఆ ప్రశ్న నేను అడక్కుండా ఉంటే ఆవిడ పరువూ నా బడీ రెండూ దక్కేవి కదా అని ఆ రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

పరీక్షలైపోయాయి. ఎండాకాలం గడిచింది. తొలకరికి పత్తి గింజలు పెట్టారు. హైస్కూలు తెరిచే ముందు రోజు పెదనాన్న మా అరుగు మీద కూర్చుని, "కలుపుకి మనుషులు దొరకట్లా. అమ్మాయిని కూడా రమ్మను" అన్నాడు, అది ఎప్పుడో తేలిపోయిన విషయమన్నట్టు. నాన్న గొర్రు పళ్ళు సరిచేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"దాన్ని బడికి పంపుతా అన్నయ్యా."

"ఏందీ? ఆకాశం సంగతే తెలియని ఆమె మాట పట్టుకునా?"

నాన్న చేతిలో పని కింద పెట్టాడు. "పోయినేడు పత్తికి పచ్చ పురుగు పడ్డప్పుడు ఎంతమంది మాట విన్నాం మనం? ఈ మందు కొట్టమన్నోడొకడు. అది పని చేయకపోతే దాని మీద ఇంకోటి కొట్టమన్నోడొకడు. చేనంతా పోయింది. వాళ్ళల్లో ఒక్కడన్నా మళ్ళా మన గడప తొక్కి, తప్పు చెప్పాను సాంబయ్యా అన్నాడా? ఎదురుపడితే తప్పుకుపోయారు. ఎవురూ అడక్కుండా వచ్చి తప్పు చెప్పానన్న మనిషిని నా జన్మలో ఈమె ఒక్కదాన్నే చూశా. ఆమె మాట కాక ఇంకెవురి మాట వినమంటావు?"

అన్నగారికి నాన్న ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి, అదే ఆఖరిసారి. పెదనాన్న తువ్వాలు దులుపుకుని లేచి వెళ్ళాడు. చాన్నాళ్ళు మా గుమ్మంలోకి రాలేదు. మర్నాడు ఎస్తేరు టీచరు డొంకదారి మలుపు దాకా నాకు తోడు వచ్చారు. నాన్న ఏమన్నాడో నేను చెబితే, ఆవిడ నా జడ రిబ్బను విప్పి, మళ్ళీ ముడి వేశారు.

తర్వాత నా వెనక ఇంకా చాలామంది ఆడపిల్లలు ఆ డొంకదారిన నడిచారు. నేను వ్యవసాయం చదివాను, ఉద్యోగం వచ్చింది. పురుగు మందు గురించో, విత్తనం గురించో నేను ఒక రైతుకి చెప్పిన మాట ఆ తర్వాత సరికాదని తేలితే ఫోన్లో చెప్పను. ఆ చేను గట్టుకి వెళ్ళి చెబుతాను. ఇలా అయితే డిపార్టుమెంటు పరువేం కావాలని మా పై అధికారులు విసుక్కుంటారు. వాళ్ళకి మా నాన్న మాటలు చెప్పినా అర్థం కావు.

టీచరు రిటైరయ్యాక వేటపాలెం వెళ్ళిపోయారు. కళ్ళు మసకబారాయి. పోయిన ఏడాది శుక్లాల ఆపరేషన్‌కి నేనే గుంటూరు తీసుకొచ్చాను. కట్టు విప్పిన పొద్దున ఆవిడ ముందు నన్ను చూడలేదు, కిటికీలోంచి ఆకాశాన్ని చూశారు. "ఇంత నీలమా. ఇన్నాళ్ళూ మరి నేను చూసిందేమిటి" అన్నారు. శుక్లం పసుపు పచ్చగా పేరుకుని నీలాన్ని లోపలికి రానివ్వదని డాక్టరమ్మ చెప్పింది. టీచరు ఊరుకుంటారా, ఊదా సంగతి అడిగారు. ఊదా బాగానే చెదురుతుందని, కానీ ఎండలోనే అది కాస్త తక్కువని, దానికి తోడు మన కన్ను నీలాన్ని పట్టుకున్నంత బాగా ఊదాని పట్టుకోలేదని ఆమె ఓపిగ్గా చెప్పింది. టీచరు పసిపిల్లలాగా చప్పట్లు కొట్టారు. "చూశావా పార్వతీ, సగం అక్కడుంది, సగం ఇక్కడే ఉంది" అని తన కనురెప్ప మీద వేలు పెట్టుకున్నారు. తర్వాత గుర్తొచ్చింది. "మీ పెదనాన్నగారికి తెలిసిననాడు వచ్చి చెప్తానన్నాను. నాకిక అంత దూరం ఓపిక లేదు. నువ్వు వెళ్ళి చెప్పిరా." క్రిస్మస్ ముందు ఒక ఉదయం నిద్రలోనే వెళ్ళిపోయారు.

ఆ పని మీదే మొన్న పెదనాన్న కల్లానికి వెళ్ళాను. నాన్న పోయాక ఆయనకి నేనంటే కాస్త చనువు పెరిగింది. పాక కింద అదే చోట మంచం. చుట్ట మానేశాడు, చెవులు మందగించాయి. పక్కన కూర్చుని, గొంతు పెంచి, ఊదా సంగతి అంతా చెప్పాను. ఏరుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపి విన్నారు.

"ఇది చెప్పడానికి గుంటూరు నుంచి వచ్చావా" అన్నాడు.

"టీచరు చెప్పమన్నారు పెదనాన్నా. తెలిసిననాడు చెప్తానని నీకు మాటిచ్చారంట."

ఆయన ముందున్న కాయల్ని చేత్తో కెలికాడు. "ఆ హైస్కూలు సంగతి తప్పని మాత్రం చెప్పమనలేదుగా."

"లేదు పెదనాన్నా."

"చాన్నాళ్ళు చూశానమ్మాయ్, వచ్చి చెప్పుద్దేమోనని. రాలా" అన్నాడు. అని, ఆ కాయలు కెలికిన చేతిని కంటి దగ్గరికి తీసుకుపోబోయాడు. నేను చటుక్కున మణికట్టు పట్టుకుని ఆపాను.

"నలుపుకోకు పెదనాన్నా. పైకి చూడు."

చూశాడు.